కష్టము విద్యదా, భాషదా?

క్రిందటి యేడు మా తరగతిలో జరిగిన యొక చిన్న సంగతితో ఈ వ్యాసమును ప్రారంభింపవలసియున్నది. సంగతి చిన్నదే, కాని అందలి తప్పు మాది యగుటచే అది మమ్ము విడువక వెంటనంటి వచ్చుచున్నది.

వానలు తప్పిన యేట మా కర్నూలు పడమటి సీమనుండి, అందును ఆదోని, కోసిగి వైపునుండి, కుటుంబములు సుగ్గికి పోవుట చదువరులెరిగినదే. మిరపకోతలకై గుంటూరు సీమకు పోవు తలిదండ్రుల వెంట పిల్లలును పోవుదురు. అట్లు పోయి కొన్ని నెలలకు తిరిగివచ్చిన తొమ్మిదవ తరగతి బాలుడొకడు మా బడి కంప్యూటరు గదిలో వెనుక బల్లపై కూర్చుండెను. ఆనాటి లెక్క యిది: కోసిన కాయ యెన్ని కిలోలో, కిలోకు కూలి యెంతో, ముందుగా తీసికొనిన అడ్వాన్సు ఎంతో యిచ్చినచో, చేతికి రావలసిన సొమ్ము చెప్పునట్లు పైథాను భాషలో ప్రోగ్రాము వ్రాయవలెను. తక్కిన పిల్లలు లెక్క యేమో తెలియక చేతులు నలుపుకొనుచుండగా వీడు కాగితముమీద క్రమము వ్రాసికొని, మీటలు కొట్టుట మొదలిడెను. అడ్వాన్సు కూలికంటె హెచ్చైనచో బాకీ మిగులునని కూడ వ్రాసెను. ఆ మాట మేము చెప్పలేదు.

యంత్రము ఒప్పుకొనలేదు. మూడవ పంక్తిలో దోషమున్నదని ఇంగ్లీషున రెండు ముక్కలు చెప్పి ఊరకుండెను. వాడు మూడవ పంక్తిని చెరిపి మరల వ్రాసెను. మరల అదే మాట. మేము పోయి చూచి, తొందరలో నుంటిమి గనుక, "మూడో లైను చూడమంటూంది కదరా, కళ్లు లేవా?" అంటిమి. వాడు లేచిపోయెను. మరునాడు గదికి రాలేదు. యంత్రము తనవలన చెడిపోయినదని తోడి పిల్లవానితో చెప్పెనట.

సాయంకాలము తీరికగా చూడగా మూడవ పంక్తిలో దోషమేమియు లేదు. రెండవ పంక్తి చివర మూయవలసిన కుండలీకరణ చిహ్నమొకటి తప్పిపోయినది. యంత్రము ఆ చిహ్నముకొరకు ఎదురుచూచుచు మూడవ పంక్తిలోనికి పోయి, అచ్చట తెల్లబోయి, తాను తెల్లబోయిన చోటును దోషస్థానమని చూపినది. తప్పు ఒకచోట, దండన వేరొకచోట. మా బడిలోనున్నది పాతబడిన పైథాను. ఆ భాషను నిర్మించువారు 2021లో వెలువరించిన 3.10 సంఖ్యగల రూపమున ఈ లోపమును సవరించిరి. ఇప్పుడది "తెరచిన కుండలి మూయబడలేదు" అని ఆ కుండలినే చూపును. ఈ సవరణవలన యంత్రమునకు క్రొత్త శక్తి యేదియు రాలేదు. భాష పుట్టి అప్పటికి ముప్పది యేండ్లైనది. ఈ ముప్పది యేండ్లలో నిర్దోషమైన పంక్తిని చూచి, తమ బుద్ధినే నిందించుకొని లేచిపోయిన పిల్లలెందరో ఎవరు లెక్కింపగలరు?

కావున మేమిచ్చట విచారింపదలచిన ప్రశ్న యిది. యంత్రమునకు పని చెప్పు భాషను నేర్వలేక మనుష్యుడు వెనుదీసినపుడు దోషము నేర్చువానిదా, నిర్మించినవానిదా? ఇది శిల్పశాస్త్ర ప్రశ్నయే కాని ధర్మవిచారమెట్లగునని కొందరడుగవచ్చును. పరుని కష్టమునకు మన చేతిపని కారణమైనచోటనెల్ల ధర్మవిచారము కలదని మా తలంపు.

మొట్టమొదట ఒక భేదమును గుర్తింపవలెను. ప్రోగ్రాము వ్రాయుటలో కొంత కష్టము సహజముగా నున్నది. ఒకనాడు మేము తరగతినాయకుని పిలిచి "రానివారి పేళ్లు వ్రాసి తెమ్ము" అంటిమి. బడికి రానివారని మా భావము. వాడు పద్యము రానివారి పేళ్లు వ్రాసి తెచ్చెను. ఆ పట్టికలో సగము తరగతి యుండెను. "రాని" యను మాటకు తెలుగున రెండర్థములును సరియైనవే. వాని తప్పేమియు లేదు. మనుష్యుడు సందర్భమును, మొగమును, నిన్నటి మాటను చూచి అర్థమును తెలిసికొనును. యంత్రమునకు అవి లేవు. తన కోరికను సందేహమునకు తావులేకుండ విడదీసి, ముందేమి, వెనుకనేమి, కానిచో నేమి అని నిలుకడతో ఆలోచించుట యే భాషలోనైనను కష్టమే. డచ్చి పండితుడగు డైక్‌స్ట్రా 1978లో, సహజభాషలో యంత్రమునకు ఆజ్ఞలిచ్చెదమనువారిని పరిహసించుచు వ్రాసిన సారాంశమును ఇదియే. ఆ కష్టమును తీసివేయుదుమని చెప్పుట మోసము. ఆ కష్టమే విద్య.

కాని ఆ బాలుడు ఈ కష్టమును దాటినవాడు. బాకీ మిగులు సందర్భమును తానై ఊహించినవానికి ఆలోచనాక్రమము రాదనుటెట్లు? వానిని పడగొట్టినది రెండవ విధమైన కష్టము: విషయమున లేనిది, భాషను కట్టినవారు తెలిసియో తెలియకయో దారిలో విడిచినది.

ఈ రెండవ కష్టము ఒకప్పుడు చాల పెద్దదిగా నుండెను. మొదటి యంత్రములకు ఆజ్ఞలన్నియు అంకెలే. 1957లో జాన్ బాకస్ మున్నగువారు ఐ.బి.ఎం. సంస్థలో ఫోర్‌ట్రాన్ అను భాషను వెలువరించి బీజగణితమువంటి రూపమున సూత్రములు వ్రాయుటకు వీలు కల్పించిరి. అదే దశాబ్దమున గ్రేస్ హాపర్ అను విదుషి, లెక్కలు వ్రాసికొను గుమాస్తాలకు గణితసంకేతములు రుచింపవు గనుక వారికి మాటలతో పని చెప్పు భాష కావలెనని పట్టుపట్టెను. ఆమె చెప్పిన కథ యొకటి రుచిగానుండును. ఇంగ్లీషు మాటలతో నడచు ప్రోగ్రామును చూపి, ఆ మాటలు యంత్రమునకు గుర్తులు మాత్రమే యని తెల్పుటకై, ఫ్రెంచి మాటలతోను జర్మను మాటలతోను అదే ప్రోగ్రామును నడపి చూపెనట. సంస్థాధికారులు మెచ్చుకొనుటకు మారు బెదరిపోయిరట! అమెరికాలో పుట్టిన యంత్రమునకు ఫ్రెంచి ఎట్లు వచ్చునని వారి శంక. ఇంగ్లీషు తప్ప వేరొండు వాడనని ఆమె వారికి నచ్చజెప్పవలసివచ్చెను. యంత్రమునకు మాతృభాష లేదని ఆమె చూపినది. ఉన్నదని నమ్ముటయే వారికి సుఖముగా నుండెను. మన గ్రామములలో "కంప్యూటరు రావాలంటే ఇంగ్లీషు రావాలండీ" యని తలిదండ్రులు దిగులుపడుట చూచినపుడెల్ల మాకీ కథ జ్ఞప్తికి వచ్చును.

అట్లైన ఇంగ్లీషు మాటలను తీసి తెలుగు మాటలు పెట్టిన చాలునా? చాలదు. పొరుగున తమిళమున ఎళిల్ అను భాష యిట్టి యుద్దేశముతో పుట్టినది. హాలండు దేశమున ఫెలియెన్నె హెర్మన్స్ అను ఆచార్యురాలు 2020లో పిల్లలకొరకు కట్టిన హెడీ అను భాషలో ఆజ్ఞాపదములను అనేక దేశభాషలలో వ్రాసికొనవచ్చును. ఇవి శ్లాఘ్యములే. కాని తెలుగునకు తనదైన నడక కలదు. ఇంగ్లీషున "అయినచో" అను మాట వాక్యము మొదటనే వచ్చును. మనకు చివర వచ్చును. "మార్కులు 35 కంటె తక్కువైనచో" అని మనమందుము. ఇంగ్లీషు పదముల స్థానమున తెలుగు పదములనుంచి, క్రమమును మాత్రము ఇంగ్లీషుదానినే యుంచినచో, "అయినచో మార్కులు తక్కువ 35" అని దొరల తెలుగు పుట్టును. దానికంటె ఇంగ్లీషే మేలు. అది పరాయిదని తెలియును.

ఇంతకంటె చిన్నవియు, చూడనివారికి నమ్మశక్యము కానివియు కొన్ని చిక్కులున్నవి. 2008లో వచ్చిన మూడవ పైథానున మన రాశులకు తెలుగు పేళ్లు పెట్టుకొనవచ్చును. "కూలి" యన్నను, "బాకీ" యన్నను అది ఒప్పుకొనును; పిల్లలు సంతసింతురు. కాని ఒక బాలిక "హోమ్‌వర్క్" అని పేరు పెట్టగా యంత్రము తిరస్కరించెను. కారణమేమన, మకారమును వకారమును సంయుక్తాక్షరముగా కలిసిపోకుండుటకై వాని నడుమ కంటికి కనబడని విభజకచిహ్నమొకటి యుండును. తెలుగు వ్రాతలో అది నిత్యావసరము, పైథాను పేళ్లలో అది నిషిద్ధము. కంటికి కానరానిది తప్పని చెప్పబడిన పిల్లకు మేమేమి సమాధానము చెప్పుదుము? మరియొక వింత. నడచుచున్న ప్రోగ్రాము అడిగినపుడు ౩౫ అని తెలుగంకెలతో వ్రాసియిచ్చినను పైథాను దానిని సంఖ్యగా మార్చుకొనగలదు; ప్రోగ్రాములోపల ౩౫ అని వ్రాసినచో తప్పుపట్టును. గుమ్మమున నిలుచున్నప్పుడు గౌరవము, ఇంటిలోనికి వచ్చినచో వెలి. నిర్మించినవారికి మనపై ద్వేషమేదియు లేదు. మనము వారి కన్నుల ముందు లేము, అంతే.

ఇచ్చట మన పూర్వుల మాట యెత్తక తప్పదు. బాకస్ మొదలగువారు భాషల నిర్మాణమును వర్ణించుటకు ఏర్పరచిన పద్ధతికి పాణిని పేరును చేర్చవలెనని 1967లో ఇంగర్మన్ అను నతడు ఒక శాస్త్రపత్రికకు లేఖ వ్రాసెను. ఈ సంగతి తెలిసినది మొదలు "కంప్యూటరు మనవారే కనిపెట్టిరి" అని జబ్బలు చరచుకొనువారు బయలుదేరిరి. వారితో మాకు పని లేదు. పాణినివలన మనము నేర్వవలసినది వేరొకటి యున్నది. ఆయన సుమారు 4,000 సూత్రములలో భాషనంతయు బిగించెను. అందుకై సామాన్యమైన విభక్తులకే నియతార్థములు కల్పించెను. షష్ఠి దేని స్థానమున మార్పు జరుగునో తెల్పును, పంచమి దేని తరువాతనో తెల్పును, సప్తమి దేనికి ముందో తెల్పును. ఒక మాత్రలో సగము మిగిలినను పండుగ చేసికొను శాస్త్రమది. ఆ సంక్షేపము నోట పట్టించుకొనువానికి మహోపకారము. క్రొత్తగా నేర్చువానికి కారడవి. ఒక చోట పనికివచ్చు సూత్రము ఏడు అధ్యాయములకవతల దాగియుండును. అందుచేత పదునేడవ శతాబ్దమున భట్టోజి దీక్షితులు ఆ సూత్రములనే తీసికొని, ప్రకరణములవారీగా, నేర్చువానికి కావలసిన వరుసలో కూర్చి సిద్ధాంతకౌముదిని రచించెను. ఆయన శిష్యుడు వరదరాజు దానిని ఇంకను కుదించి బాలురకొరకు లఘుకౌముదిని చేసెను. మేమా లఘుకౌముదితోనే సంస్కృతవ్యాకరణమున ప్రవేశించితిమి. అది లేకున్నచో ఈ వాక్యము వ్రాయుచుండము. దీక్షితులవారు వ్యాకరణమును పలుచన చేసిరని ఎవరందురు? సూత్రమొక్కటియు మారలేదు, త్రోవ మాత్రము మారినది. మేము చెప్పిన హెడీ భాషయు ఇట్టిదే. మొదటి మెట్టున ఉద్ధరణచిహ్నములు గాని కుండలులు గాని యుండవు. ఒక్కొక్క మెట్టునను ఒక్కొక్క నియమము వచ్చి చేరి, చివరకు పిల్లవాడు పైథానుయొద్దకే చేరును.

"ఇంత లాలన యేల? కష్టపడి నేర్చినవాడే నిలుచును, కష్టమే జల్లెడ" యని పలుకువారు మా ఉపాధ్యాయులలోను కలరు. ఈ మాట మనకు క్రొత్త కాదు. గిడుగు రామమూర్తి పంతులుగారు (1863–1940) బాలురు వాడని భాషను వారి నెత్తిన రుద్దవలదని మొరపెట్టినపుడు నాటి పండితులును ఇట్లే పలికిరి. పంతులుగారికి ప్రాచీనభాష రాక యట్లనలేదు. చక్కగా వచ్చి యట్లనెను. చదువరులలో చతురులు ఈ చోట నవ్వుచుందురని మేమెరుగుదుము. గ్రాంథికమును విడువలేని ఒక బడిపంతులు వ్యవహారభాషోద్యమమును సాక్ష్యముగా తెచ్చుచున్నాడు! నిజమే. చిన్ననాడు ఈ భాషను కష్టపడి నేర్చితిమి గనుక దానిని విడుచుటకు మనసొప్పదు. ఇదియే మేము చెప్పదలచినదానికి ప్రమాణము: తాను దాటిన కష్టమును మనుష్యుడు ఆస్తిగా నెంచును, దానిని తరువాతివారికి పన్నుగా విధించును. యంత్రభాషలను కట్టువారును మనవంటివారే.

జల్లెడ యనుమాటను విడువక ఇంకొంచెము చూతము. జల్లెడ మంచిదగుట దాని కన్నులపై ఆధారపడియుండును. బుద్ధిమంతుని నిలిపి మందుని విడుచు జల్లెడయా యిది? బీజగణితమును శ్రద్ధగా నేర్చిన పిల్లయొద్దకు పోయి, "క్ష = క్ష + 1" అని వ్రాసి చూపుడు. అది అసంభవమని ఆ పిల్ల చెప్పును. చెప్పకున్నచో మేము చెప్పిన గణితము వ్యర్థమైనట్లే. ఫోర్‌ట్రాన్ కాలమునుండి సమానచిహ్నమును "ఈ విలువను అందులో నుంచుము" అను అర్థమున వాడుచున్నారు. ఆల్గాల్, పాస్కల్ అను భాషలు ఈ దోషమును గుర్తించి వేరుచిహ్నమును వాడినవి. లోకము మాత్రము సి భాష వెంట పోయి పాతదానినే నిలుపుకొనినది. ఈ జల్లెడలో బాగుగా చదివిన పిల్లయే ముందు తట్టుకొనును, అర్థమడుగక బట్టీపట్టువాడు సులభముగా జారిపోవును.

కొందరు ఈ విషయమును ఊహతో విడువక పరీక్షించి చూచిరి. అమెరికాలో ఆండ్రియాస్ స్టెఫిక్ అను ఆచార్యుడును ఆయన తోడివారును 2011లో, ఎన్నడును ప్రోగ్రాము వ్రాయనివారికి మూడు భాషలనిచ్చి పరీక్షించిరి. ఒకటి పెర్ల్ అను ప్రసిద్ధభాష. ఒకటి వారు కట్టిన క్వోరం. మూడవదాని చిహ్నములను వారు చీట్లు తీసినట్లు యాదృచ్ఛికముగా నేర్పరచిరి. పెర్ల్ నేర్చినవారు ఆ చీట్లభాష నేర్చినవారికంటె చెప్పదగినంత మెరుగుగా వ్రాయలేకపోయిరి. క్వోరం నేర్చినవారు మెరుగుగా వ్రాసిరి. మరుసటి పరీక్షలలో, ఒక పనిని మరల మరల చేయించుటకు సాధారణముగా వాడు ఇంగ్లీషు మాటలకంటె, "మరల చేయుము" అను అర్థముగల సామాన్యమైన మాటయే క్రొత్తవారికి సుబోధముగా తోచినదని తేలెను. ఇది తెలియుటకు పరీక్ష కావలెనా యని మీరడుగుదురు. కావలసివచ్చినది గదా! క్వోరం మొదట అంధబాలురకొరకు ఆరంభింపబడినదని ఇచ్చట గమనింపుడు. చిహ్నముల గుంపును చెవితో వినవలసినవారికి ఏది యనవసరమో ముందుగా తెలిసినది.

ఇంతలో కాలము మరియొక మలుపు తిరిగినది. ఇప్పుడు తెలుగున మాటలాడి "నాకీ లెక్క చేసిపెట్టు" అన్నచో తానే ప్రోగ్రామును వ్రాసియిచ్చు యంత్రములు వచ్చినవి. ఇక భాషలను సులభము చేయు ప్రయత్నమేల, మాటయే భాష గదా యని మిత్రులొకరు మాతో వాదించిరి. మేమును వాడి చూచితిమి; ఆశ్చర్యపడితిమి. కాని మా మనసున మెదలినది వేరొకటి. ఆ బాలుని లెక్కనే తలచుకొనుడు: కిలోలు, కూలి, అడ్వాన్సు, బాకీ. రేపు మేస్త్రి ఫోనులో ఇట్టి ప్రోగ్రామే కూలిని కట్టును. అందు తరుగునకై కిలోకింత తీసివేయు పంక్తి యొకటి యుండును. ఆ పంక్తిని ఎవరు వ్రాసిరి, యంత్రమే వ్రాసెనా, మేస్త్రి చెప్పగా వ్రాసెనా? మన తాతలు అప్పుపత్రముపై వ్రేలిముద్ర వేసినపుడు వారికి వ్రాయుట మిక్కిలి సులభముగానే యుండెను. బొటనవ్రేలికి సిరా పూసినవాడు షావుకారే. చదువుటయే రాలేదు. ఆజ్ఞాపించుట సులభమై, ఆజ్ఞలో నేమున్నదో చదువుట దుర్లభమైనచో, ఆ సౌలభ్యము వ్రేలిముద్ర సౌలభ్యమే. కావున యంత్రమే వ్రాయు కాలమున భాష సుబోధముగా నుండవలసిన యావశ్యకము తగ్గలేదు, హెచ్చినది. వ్రాయువానికొరకు కాదు, ఆ వ్రాతవలన కూలి తగ్గువానికొరకు.

మా సీమవారికి ఈ సంగతి మగ్గమువలన తెలియవలసినది. ఎమ్మిగనూరున మాచాని సోమప్పగారు 1938లో నేతగాండ్ర సహకారసంఘమును స్థాపించిన నాటినుండి ఆ పట్టణపు పేరు నేతతో ముడిపడియున్నది. ఫ్రాన్సున జాకార్డు అను నతడు 1804 ప్రాంతమున చేసిన యుపకరణమే నేడును మన మగ్గములపై నమర్చబడి, రంధ్రములుగల అట్టల వరుస ననుసరించి పడుగుపోగులను లేపుచు అంచులను, పువ్వులను దించుచున్నది. బాబేజి తన గణనయంత్రమునకు ఆ యట్టలనే మాదిరిగా తీసికొనెను. అనగా మా నేతగాండ్రు కంప్యూటరు ప్రోగ్రాముతో పరిచితులే. అట్టలను కొట్టువాడొకడు, నేయువాడొకడు. ఐనను ఒక అట్టలో రంధ్రము తప్పినచో, పువ్వు వచ్చినప్పుడెల్ల అదే రేకున అదే చోట తప్పు కనబడును. నేతగాడు ఎవరిని అడుగనక్కరలేదు. బట్టను చూచి అట్టను పట్టుకొనును. యంత్రము వానికి వాని కంటి భాషలోనే తప్పు చెప్పుచున్నది, తప్పున్నచోటనే చెప్పుచున్నది.

ఆ బాలుని యింటికి మేము పోయితిమి. తప్పు వానిది కాదని, యంత్రము వేరొక పంక్తిని చూపినదని, మేమును తప్పు పంక్తినే చూపితిమని చెప్పితిమి. వాని తల్లి ఇదంతయు విని "అయితే లెక్క సరిగానే కట్నాడా సార్?" అని యడిగెను. సరిగానే కట్టెనంటిమి. వాడు మరుసటి వారమున గదికి వచ్చెను. ఆ తరువాత మేము, పాత పైథాను పలుకు ఇంగ్లీషు దోషవాక్యములను ఇరువదింటిని ఏరి, ఒక్కొక్కదానికి తెలుగున అర్థమును, ఏ చోట వెదకవలెనో ఆ చోటును అట్టపై వ్రాసి గోడకు తగిలించితిమి. గ్రాంథికముననే వ్రాసితిమి, అలవాటు. నాలుగు దినములకు ఆ యట్టపై ఎవరో పెన్సిలుతో మా వాక్యములక్రింద తమ వాక్యములు వ్రాసిరి. "కుండలీకరణము అసంపూర్ణము, పూర్వపంక్తిని పరిశీలింపుము" అని మేము వ్రాసినదానిక్రింద "బ్రాకెట్టు మూయలేదు, పై లైను చూడు" అని యున్నది. ఆ దస్తూరి యెవరిదో మేమెరుగుదుము. పై వాక్యములను చెరిపి, క్రిందివానినే సిరాతో దిద్దించితిమి.